ఎర్రబడని షీటు

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. ఉరుమంటే భయం, కుక్కంటే భయం, ఆఫీసరు గారి గదిలో బెల్లు మోగితే మరీ భయం. బల్ల కింద చెప్పులు విడిచి పని చేసుకోవడం నాకలవాటు. బెల్లు మోగగానే ఒక చెప్పు దొరికేది, రెండోది చచ్చినా దొరికేది కాదు. మేం క్రైస్తవులం. మనకి శకునాలూ అపశకునాలూ లేవమ్మా అని మా పాస్టరు గారు చెబుతూనే ఉంటారు, నేను తల ఊపుతూనే ఉంటాను. అయినా పిల్లి ఎదురైతే ఓ క్షణం ఆగుతాను. నా దగ్గర అన్ని మతాల భయాలూ ఉన్నాయి.

ఇలాంటిదాన్ని పట్టుకెళ్ళి వరదల గదిలో పడేశారు చూడండి, అదీ నా అదృష్టం. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకి నేను చెప్పగలిగిన కథ ఒక్కటే, అది ఆ గదిలో జరిగిందే. తెలివైనవాళ్ళ కథలు మీకు చాలామంది చెబుతారు. ఇది భయపడ్డవాళ్ళ కథ.

మా ఆఫీసు అమలాపురంలో. వానాకాలం వచ్చిందంటే అందులో ఒక గదికి పొద్దూ మాపూ ఉండదు. భద్రాచలం దగ్గర గోదావరి ఎంత ఎత్తులో ఉంది, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఎంత నీరు కిందకి వదులుతున్నారు, ఈ కబుర్లన్నీ ఆ గదికి వస్తాయి. ఆ నీరు ఏటి మధ్య ఉన్న మన లంకల దగ్గరికి ఎప్పటికి చేరుతుంది, ఏ లంకకి దారి ముందు మునుగుతుంది, పడవలు ముందు ఎక్కడికి పంపాలి అన్నది తేల్చడం మా పని. కొన్ని లంకలకి ఏటిపాయ మీదుగా తక్కువ ఎత్తులో వేసిన కాజ్‌వే రోడ్డు ఒక్కటే దారి. అది మునిగిందా, ఇక పడవే దిక్కు.

ఈ లెక్కంతా ఒక కంప్యూటరు షీటులో ఉండేది. అప్పట్లో మాతో పనిచేసిన సీనియర్ అసిస్టెంట్ గారు రాత్రీ పగలూ కూర్చుని దాన్ని తయారుచేశారు. అందులో మాక్రోలు రాశారు. మాక్రో అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒక బటన్ నొక్కితే వరసగా పది పనులు తనంతట తానే చేసుకుపోయే ఏర్పాటు. బ్యారేజీ నుంచి వచ్చిన ఫైళ్ళలో కొత్తది వెతికి పట్టుకుంటుంది, అంకెలు తీసుకుంటుంది, లెక్క కడుతుంది, లంకల పేర్లకి రంగులు వేస్తుంది. పచ్చ అంటే నిశ్చింత. పసుపు అంటే సామాను సర్దుకోవాలి. ఎరుపు అంటే పడవ బయల్దేరాలి. పైన ఆ రోజు తేదీ, గంట వేస్తుంది. అప్పటి ఆఫీసరు గారు "అంకెలు నాకెందుకయ్యా, రంగులు చాలు" అన్నారట. అందుకని మొదటి పేజీ మీద అంకెలు కనపడవు.

ఆ సీనియర్ అసిస్టెంట్ గారు మంచివారు, పనిమంతులు, నాకన్నా పిరికివారు. ఒకసారి ఆ ఆఫీసరు గారు స్వయంగా బటన్ నొక్కితే, ఏదో తప్పొచ్చిందంటూ తెర మధ్యలో ఇంగ్లీషులో ఒక పెట్టె ఊడిపడింది. "ఏంటయ్యా ఇది, సరిగ్గా నా ముందే వస్తుందా?" అని ఆయన కేకలేశారు. మర్నాడు మనవారు మాక్రో మొదట్లో ఒక లైను చేర్చారు. ఎక్కడ తప్పొచ్చినా నోరెత్తకుండా తర్వాతి లైనుకి వెళ్ళిపో అని దానర్థం. ఆ తర్వాత పెట్టె రాలేదు. మేమందరం హమ్మయ్య అనుకున్నాం. తప్పు రాలేదని కాదండోయ్, కనపడలేదని.

ఆయన రిటైరై వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. షీటు నడిచే ప్రోగ్రాము పాత వెర్షన్ ఇక వాడకూడదు, పాత కంప్యూటర్లు వెనక్కి పంపేయాలి, అంతా కొత్తదానిలోకి మార్చుకోవాలి అని. కొత్త కంప్యూటర్లు లారీలో దిగేసరికి ఆషాఢం. ఆషాఢంలో కొత్తవి మొదలుపెడతారటండీ? అట్టపెట్టెలన్నీ వరండాలో అలాగే కూర్చున్నాయి. మా ఇంటికైతే ఆషాఢం లేదు, ఆఫీసుకి ఉంది. గోదావరికి మాత్రం లేదు. అది ఆషాఢంలోనే ఒకసారి పొంగింది, పాత కంప్యూటరు ఆ వరదని పాత పద్ధతిలోనే చెప్పింది, మేం గట్టెక్కాం.

మాక్రోలు కొత్తదానిలోకి మార్చే పని మా కంప్యూటర్ ఆపరేటరుకి పడింది. కాంట్రాక్టు ఉద్యోగం, కుదురైన కుర్రాడు. నన్ను "మేడం గారండీ" అనేవాడు. భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఆ పుట్టిల్లు ఒక లంక. శ్రావణం వచ్చీ రాగానే అతనికి కూతురు పుట్టింది. అందరికీ పూతరేకులు పంచి, ఆ సంబరంలోనే కూర్చుని మాక్రోలన్నీ కొత్త వెర్షన్‌లోకి తెచ్చాడు. కొన్ని బటన్లు పనిచేయకపోతే మళ్ళీ తయారుచేశాడు. నొక్కితే ఏ గొడవా లేకుండా నడిచింది. ఎందుకు నడవదు, గొడవ పెట్టొద్దని ముందే నోరు నొక్కేశాం కదా.

మంచిరోజు చూసి కొత్త కంప్యూటరుకి బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కోనసీమలో కొబ్బరికాయకి కొదవేముంది. అప్పటికి వరద తీసి వారం కూడా కాలేదు. ఫోల్డరులో ఉన్న ఫైళ్ళన్నీ ఆ వరద తాలూకువే. వాటితో నడిపి చూస్తే లంకలన్నీ ఎర్రగా కనపడాలి. మా ఆఫీసరు గారు లోపలికి వస్తూనే "మొదటిరోజు తెర మీద ఎరుపు వద్దండీ. పచ్చగా కనిపించేట్టు చూడండి, శుభమా అని" అన్నారు. అందరం "ఆయ్, మరేనండి" అన్నాం. ఆపరేటరు ఫైలు జోలికి పోకుండా, షీటులోనే చేత్తో నిదానమైన అంకెలు వేసి, రంగులు వేసే బటన్ ఒక్కటే నొక్కాడు. లంకలన్నీ వరిచేలల్లే పచ్చగా వచ్చాయి. చప్పట్లు కొట్టాం. దాన్ని అలాగే సేవ్ చేశారు.

తర్వాత కొన్నాళ్ళు గోదావరి నిజంగానే నిదానంగా ఉంది. షీటు రోజూ పచ్చగా వచ్చింది, పైన తేదీ రోజూ మారింది. ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి?

మళ్ళీ నీరు వచ్చింది. ముందురోజు నుంచీ ముసురు. పొద్దున్నే బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక వేశారని కబురు. నేను గొడుగు మడిచీ మడవకుండా వరదల గదిలోకి పరిగెత్తాను. ఆపరేటరు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. తెర నిండా పచ్చే.

ఇన్నేళ్ళలో మొదటి హెచ్చరిక వేస్తే ఒకటి రెండు లంకలైనా పసుపుకి మారేవి. ఇప్పుడు ఒక్కటీ మారలేదు. ఆ మాటే ఆఫీసరు గారితో అన్నాను. ఆయన నవ్వారు.

"మీరు మబ్బు పడితేనే గొడుగేసుకుంటారు మేడం. కొత్త వెర్షన్ కదా, లెక్క బాగా కడుతుందేమో. పచ్చగా ఉంటే ఏడుస్తారేంటండీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మన భయం మీద పదిమందీ నవ్వాక, మనకే అది చిన్నతనంగా అనిపిస్తుంది. ఆ చిన్నతనానికి జడిసి ఎన్నిసార్లు నోరు మూసుకున్నానో. భయపడేవాళ్ళకి ఉండే పెద్ద భయం అదే, తమని పిరికివాళ్ళంటారేమోనని.

ఇంతలో ఆపరేటరు ఫోను మోగింది. లంక నుంచి భార్య. ఇటువైపు మాటలే నాకు వినపడ్డాయి.

"నీళ్ళా? ఎక్కడిదాకా వచ్చేయి? ... కాజ్‌వే పక్కకా? ఏం ఫర్లేదు. షీటు ముందే కూర్చున్నాను కదా, మన లంక పచ్చగా ఉంది. పసిదాన్నేసుకుని ఈ వానలో ఎక్కడికి తిరుగుతావు? కదలకు, నేను చెప్తాను కదా."

ఫోను పెట్టేసి నావైపు చూసి నవ్వాడు. "మా అత్తగారండీ, గట్టున పుల్ల గుచ్చి కూర్చుంటుందండి. ఒకటే కంగారు."

లంకల్లో ఇది మామూలే. నీటి అంచున పుల్ల గుచ్చుతారు. కాసేపాగి చూస్తారు. పుల్ల నీళ్ళలోకి పోతే ఏరు పెరుగుతోందన్నమాట.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆ అత్తగారే. ఆవిడ గొంతు ఫోను దాటి గదంతా వినిపించింది.

"అల్లుడు గారూ, రెండో పుల్ల కూడా ములిగిపోయిందండీ. సామానంతా మూట కట్టేసేను. బయల్దేరమంటారా, వద్దంటారా? ఆటోవాడు ఇదే ఆఖరి ట్రిప్పంటున్నాడు."

అతను తెర చూశాడు. బటన్ ఇంకోసారి నొక్కాడు. పైన గంట మారింది, రంగు మారలేదు. "అత్తయ్య గారూ, ఇప్పుడే మళ్ళీ చూసేనండి. పచ్చే. మీ అమ్మాయికి ఫోనివ్వండి" అన్నాడు. భార్యకి కూడా అదే చెప్పాడు. కదలొద్దని.

అన్నం డబ్బా మూత పెట్టేశాను. ఆ పచ్చని చూస్తున్నకొద్దీ నాకు భయం పెరుగుతోంది. గోదావరి పొద్దుటి నుంచీ పెరుగుతోంది. ఇది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. ఎరుపు చూసి భయపడ్డం నాకు తెలుసు. పచ్చ చూసి అంతలా భయపడ్డం అదే మొదలు.

"బాబూ, దీన్ని ఒక్కసారి ఎర్రగా చేసి చూపించు" అన్నాను.

"ఎలాగండి?"

"ఇవాళ బ్యారేజీ నుంచి వచ్చిన ఫైలుకి నకలు తియ్యి. అందులో ఇంతంత పెద్ద అంకె వెయ్యి. ఎప్పుడూ రానంత వరద వచ్చిందని రాయి. బటన్ నొక్కు."

అతని చెయ్యి ఆగిపోయింది. "మేడం గారండీ, ఈ పూట అలాంటి అంకె వేయడం బాగోదండి. లంకలో పసిబిడ్డ ఉందండి." గుమ్మంలో నిలబడ్డ అటెండరు కూడా "వద్దమ్మా, నోటితో అనకూడదు, చేత్తో రాయకూడదు" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నా చెయ్యి కూడా రాలేదు. నేను రాసిన అంకె నిజమై కూర్చుంటే? ప్రభువా, క్షమించు అనుకున్నాను, ఎందుకైనా మంచిదని వాళ్ళ దేవుళ్ళని కూడా తలుచుకున్నాను. కీబోర్డు నావైపు లాక్కుని సున్నా మీద సున్నా కొట్టుకుంటూ పోయాను. అంత నీరే వస్తే లంకలెందుకు, అమలాపురం గడియారస్తంభం కూడా కనపడదు.

"నొక్కు" అన్నాను.

నొక్కాడు. పైన గంట మారింది.

లంకలన్నీ పచ్చగా ఉన్నాయి.

అతను మళ్ళీ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. పచ్చ, పచ్చ. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. పై ప్రాణం పైనే పోవడమంటే ఏమిటో నేను ఆ కుర్రాడి మొహంలో చూశాను.

"ఇది ఫైలు తీసుకోవట్లేదండి" అన్నాడు సన్నగా.

మాక్రో తెరిచి, తప్పొస్తే నోరెత్తొద్దన్న ఆ లైను తీసేసి, బటన్ నొక్కాడు. ఇన్నేళ్ళుగా మేం అణచిపెట్టిన పెట్టె తెర మధ్యలో ప్రత్యక్షమైంది. ఫైలు వెతకడానికి పాత వెర్షన్‌లో ఉన్న సదుపాయం కొత్తదానిలో తీసేశారట. అక్కడ మాక్రో ప్రతిసారీ తడబడుతోంది, నోరు మూసుకుని ముందుకి పోతోంది. కొత్త అంకెలు రాకపోయేసరికి లోపల ఉన్నవాటితోనే లెక్క కడుతోంది. లోపల ఉన్నవి కొబ్బరికాయ కొట్టినరోజు శుభమా అని వేసిన అంకెలు. పొద్దుటి నుంచీ మేం చూస్తున్నది గోదావరిని కాదు, మా ముహూర్తాన్ని.

"మాక్రో సంగతి తర్వాత. ఇవాళ్టి అంకెలు చేత్తో వెయ్యి" అన్నాను.

నేను చదివాను, అతను వేశాడు. ఒక్కొక్క లంకే ఎర్రబడుతూ వచ్చింది. అత్తవారి లంక అన్నిటికన్నా పైన వచ్చింది. లోపలి పేజీలో కాజ్‌వే మునిగే వేళ అని దాని పక్కన ఉన్న గంట, గోడ గడియారంలో అప్పటికే దాటిపోయింది.

అతను ఫోను చేశాడు. మోగలేదు. మళ్ళీ చేశాడు. లంకకి కరెంటు తీసేశారు, టవరు ఆగిపోయింది.

ఆఫీసరు గారు తన గదిలో పెద్దవాళ్ళతో వీడియో మీటింగులో ఉన్నారు. ఆ తలుపు నేను పిలవకుండా ఎన్నడూ తొయ్యలేదు. చెప్పులు వెతుక్కోకుండా వట్టికాళ్ళతోనే వెళ్ళి తోశాను. ఆయన తెరతో అంటున్నారు: "మా వైపు ప్రశాంతంగా ఉందండి. పడవలు రాజోలు వైపు పంపమన్నా పంపేస్తామండి."

"పచ్చ కాదండి!" అన్నాను. నా గొంతేనా అనిపించింది. "షీటు అబద్ధం చెప్తోందండి. పడవలు పంపొద్దండి. కాజ్‌వే ములిగిపోయింది, లంకలో జనం ఉన్నారు."

తెర మీద పెద్దవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. ఆఫీసరు గారి చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు తిడతారు, సస్పెండు చేస్తారు, పింఛను పోతుంది అని నా బుర్ర ఎక్కడెక్కడికో పోయింది. ఆయన ఒక్క నిమిషం నా మొహం చూశారు. నా వెనక గుమ్మం పట్టుకుని నిలబడ్డ ఆపరేటరుని చూశారు. తెరవైపు తిరిగి, "పడవలు ఇవ్వలేమండి. మా లెక్క తప్పింది. నేను తర్వాత వివరం చెప్పుకుంటాను" అని మీటింగు కట్టేశారు. ఆయన మీద నాకు తర్వాత ఎన్ని కోపాలొచ్చినా, ఆ మాట తలుచుకుని క్షమించేసేదాన్ని. పై అధికారుల ముందు ఒప్పుకోవడం అంత తేలికేం కాదు, మీరూ ఉద్యోగాలు చేస్తారుగా, చూస్తారు.

పడవల్ని రేవు దగ్గరికి తిప్పించారు. మేం జీపులో వెళ్ళాం. ఏటిపాయ ఎర్రటి నీళ్ళతో ఒడ్డులొరుసుకుని పోతోంది. కాజ్‌వే ఎక్కడుందో కూడా తెలియలేదు. అరటిబోదెలు, పశువుల కొట్టం మీది తాటాకు కప్పు, ఇంకా ఏవేవో కొట్టుకొస్తున్నాయి. ఏది కొట్టుకొచ్చినా అతను దానివైపే చూస్తున్నాడు. చూడకు బాబూ అన్నాను. అతనికి వినపడలేదు.

మొదటి పడవ తిరిగొచ్చింది. ముసలివాళ్ళు, ఇద్దరు జ్వరపడ్డవాళ్ళు. "బాలింతని చూసేరా? పసిపిల్లతో ఉంటుంది" అని అతను మోకాలి లోతు నీళ్ళలోకి దిగి అందర్నీ అడిగాడు. పడవ నడిపే ఆయన "ఆ చివరిళ్ళ దాకా వెళ్ళలేకపోయేవండి, ఒరవడి ఎక్కువగా ఉందండి. మళ్ళీ వెళ్తాం" అన్నాడు. అతను తనూ ఎక్కుతానన్నాడు. ఒక మనిషి తక్కువైతే ఒక మనిషిని ఎక్కించుకురావచ్చని పడవాయన ఒప్పుకోలేదు.

పడవ వెళ్ళింది. మేం నిలబడ్డాం. ఎంతసేపో నాకు తెలియదు. నాకు వచ్చిన కీర్తనలన్నీ అయిపోయాయి. అతను ఏడవలేదు. "నేనే వద్దన్నానండి, ఆటో ఉన్నప్పుడు నేనే వద్దన్నానండి" అని ఒకటే మాట, ఎవరికీ కాకుండా. ఆఫీసరు గారు గొడుగు అతని మీద పట్టి తను తడుస్తున్నారు. వెలుగు తగ్గుతుండగా ఇంజను చప్పుడు వినిపించింది. వానలో ముందు పడవ కనిపించింది, తర్వాత మనుషులు, ఆ తర్వాత ఒక దుప్పటి మూట గుండెలకి హత్తుకున్న ఆడమనిషి. నేను అక్కడే బురదలో కూర్చుండిపోయాను. చీర సంగతి ఇంటికెళ్ళేదాకా తెలియలేదు.

ఇల్లు సగం మునిగితే వాళ్ళు పక్కింటి డాబా మెట్ల మీద కూర్చున్నారట. అత్తగారు ముందు దిగింది. అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. అతని భార్య మాత్రం పడవలోనే ఉండిపోయింది. అతను నీళ్ళలో నిలబడి బిడ్డ కోసం చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"మా అమ్మ మూట కట్టేసిందండి. ఆటో ఎక్కేద్దామంది. నేనే విప్పించేనండి, మీరు చెప్పేరని."

అతను చేతులు దించలేదు. "షీటు పచ్చగా ఉందే... ఏం ఫర్లేదనుకున్నాను" అన్నాడు.

"ఇంకెప్పుడూ నాతో ఏం ఫర్లేదు అనకండి" అంది. గొంతు పెద్దది చేయలేదు, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "మీకు తెలీకపోతే తెలీదు అని చెప్పండి. నేనే వచ్చేస్తాను."

అతను "ఆయ్" అన్నాడు.

అప్పుడు బిడ్డని ఇచ్చింది.